గోత్రం మారింది, ముక్కు మారలేదు

పోయినేడాది భాద్రపదమాసం, అవిధవా నవమి, ఆదివారం, పొద్దున పదకొండుంపావు. కాటన్‌పేటలో మా తమ్ముడి ఇంట్లో, కింద దూది కొట్టు, పైన కాపురం, ఆ మేడమీది నడిమింట్లో. పురోహితుడు తాంబూలం పుచ్చుకుని చెప్పులు వేసుకుంటున్నాడు. అప్పుడే మా మేనకోడలు, అంటే ఆ తమ్ముడి కూతురు, సెల్‌ఫోను తెచ్చి కందిపప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టి, "నాన్నా, ఆస్పత్రి మేడం లైన్‌లో ఉండాది, వచ్చి కూర్చో" అన్నది. మా తమ్ముడు కూర్చోలేదు. కూర్చుని ఉంటే నేనిది రాసే పనే ఉండేది కాదు.

అవిధవా నవమి అంటే తెలియని వాళ్ళకు చెబుతాను. పెద్దల పక్షంలో వచ్చే తొమ్మిదో రోజు. మొగుడు బతికి ఉండగా పోయిన ఆడవాళ్ళకు ఆ రోజు పెట్టాలి. మా ఇంట్లో గోడ వారగా పీటలు వేసి, ఒక్కొక్కరి పేరున ఒక రవికె గుడ్డ, పసుపు, కుంకుమ, గాజులు, దువ్వెన పెడతాం. తరవాత ఒక ముత్తైదువను కూర్చోబెట్టి, పోయినవాళ్ళే వచ్చారనుకుని కడుపునిండా వడ్డించి, అవన్నీ ఆమె చేతిలో పెడతాం. నాకు మొగుడు పోయి చాలా కాలమైంది కనుక ఆ విస్తరి ముందు కూర్చునే అర్హత నాకు లేదు. ఏ గుడ్డ ఎవరిదో చెప్పే అధికారం మాత్రం నాదే. పచ్చది మా అవ్వది, మా నాయనను కన్న తల్లిది. ఎర్రది మా మేనత్తది, నాయన చెల్లెలిది. నీలంది మా పెద్దక్కది.

మేనత్తకూ పెద్దక్కకూ అత్తగారిళ్ళలో కదా పెట్టాలి, పుట్టింట్లో ఏమిటి అని మీరు అడుగుతారు. పెట్టాల్సింది అక్కడే. కానీ మా మేనత్త మొగుడు ఏడాది తిరక్కుండా ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. పాత పెళ్ళానికి గారెలు వండమని కొత్త పెళ్ళానికి చెప్పే ధైర్యం ఏ మగవాడికుంది? ఆ సంగతి మా నాయన చెవిన పడింది. "నా చెల్లెలు ఆకలితో తిరగాలనా?" అని ఆ ఏడు నుంచి పుట్టింట్లోనే పీట వేయించాడు. పెద్దక్క పోయాక ఆమెకూ అంతే జరిగింది, ఆమెకూ ఇక్కడే పీట. నాయన తరవాత మా తమ్ముడు ఒక్క ఏడాది కూడా మానలేదు. ఇందుకు వాణ్ణి మెచ్చుకోవాలి. తక్కిన వాటికి తిట్టడానికి నేనుండనే ఉన్నాను.

ఈ రవికె గుడ్డలంటే మా ఇంట్లో దుఃఖం లేదు, గర్వం. "మా ఇంటి ఆడబిడ్డలు అదృష్టవంతులు, కుంకుమతో పోతారు" అని సంబంధాలు మాట్లాడేటప్పుడు మా నాయన చెప్పుకునేవాడు, మంచి దూది చేతిలో పెట్టి చూపించినట్టు. విన్నవాళ్ళు తల ఊపేవాళ్ళు. ఎందుకంత తొందరగా పోతున్నారని ఒక్కరూ అడగలేదు. నేనొక్కదాన్నే మొగుణ్ణి పంపించి మిగిలాను. నాకు డెబ్బై నిండిన రోజున మా తమ్ముడు హోళిగె, అదే బొబ్బట్టు, ముక్క నోట్లో పెట్టుకుని, "ఇంటి రికార్డు చెడగొట్టినావు గదక్కా" అన్నాడు. నేను వాడి విస్తట్లో నెయ్యి తగ్గించాను.

నేను చెప్పే నవమికి ముందు ఏడాది మా చెల్లెలికి జబ్బు చేసింది. మా నలుగురిలో ఆఖరుది. పీణ్యలో లేతు మిషన్ల షెడ్డు నడుపుతారు మా మరిది. ఒకరోజు ఫోన్ చేసి, "అక్కా, నాకు అది వచ్చింది" అన్నది.

"ఏది?"

"అదే."

"ఏదే?"

"అక్కా, మొగుడు పక్కనే ఉండాడు, అది అంటే అర్థం చేసుకోవల్ల."

మా ఇంట్లో దాని పేరు ఎత్తరు. పేరెత్తితే చిరునామా వెతుక్కుంటూ వస్తుందని భయం. పేరెత్తకుండానే అది మా ఇంటికి దారి బాగా తెలుసుకున్నదన్న సంగతి మాకు తట్టలేదు. రొమ్ములో గడ్డ. ఆపరేషనైంది, మందులెక్కించారు, జుట్టు పోయింది, మళ్ళీ వచ్చింది. వచ్చిన జుట్టు రింగులు తిరిగి వచ్చింది. "ఇదొక్కటి లాభం, బ్యూటీ పార్లర్‌కు పోకుండానే" అంటుంది.

అది కాదు సంగతి. ఆస్పత్రిలో చెల్లెలి రక్తం ఇంకో రకంగా కూడా పరీక్ష చేశారు. పుట్టుకతో వచ్చే లోపం ఒకటి ఉందట. అమ్మ నుంచైనా నాన్న నుంచైనా వస్తుంది, కొడుక్కైనా కూతురికైనా రావచ్చు, రాకపోనూవచ్చు. ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు, వచ్చే అవకాశం ఎక్కువ. కనుక తోబుట్టువులు కూడా రక్తం ఇవ్వాలి. ఎవరికి లేదని తేలితే వాళ్ళ పిల్లలకు ఈ భయం అక్కడితో సరి. ఎవరికి ఉంటే వాళ్ళ పిల్లలు కూడా చూపించుకోవాలి. మిగిలిన తోబుట్టువులం నేను, మా తమ్ముడు. నేను సరే అన్నాను. మా తమ్ముడు, "ఆడోళ్ళ జబ్బుకు నా రక్తం ఎందుకప్పా?" అన్నాడు.

వాడికి ఒక్కతే కూతురు. మారతహళ్ళిలో కాపురం, కంప్యూటర్ ఉద్యోగం, బడికి పోయే చిన్నపిల్ల, ఇంట్లోనే అత్తామామలు. నాకు అరవై దాటాక ఆదివారం ఆదివారం వచ్చి అక్షరాలు దిద్దించింది ఈ పిల్లే. 'ఱ' ఎందుకు నేర్చుకోవాలో తను చెప్పలేకపోయింది, నేను నేర్చుకోలేదు. తక్కినవన్నీ వచ్చాయి. ఒకరోజు మిద్దెమీద మిరపకాయలు తిరగేస్తుంటే పక్కన కూర్చుని అన్నది:

"అత్తా, నాన్న ఒక్కడు టెస్ట్‌కు ఒప్పుకుంటే చాలు. ఆయనకు లేదంటే నాకూ లేదు, నా కూతురికీ లేదు. మా అత్తమ్మకు ఏమీ చెప్పే పనే లేదు. ఉండాదంటే అప్పుడు నేనూ ఇస్తా, చెప్పాల్సింది చెప్తా."

"నేరుగా నువ్వే ఇవ్వకూడదా?"

"ఇవ్వచ్చు. కానీ నాకు ఉండాదంటే, నాన్నకూ ఉండాదని ఆయన్ను అడక్కుండా తేల్చేసినట్టు గదా. అట్లా చేస్తే జన్మలో నాతో మాట్లాడడు. అట్లని తెలీకుండా ఉండడం కూడా నా చేత కాదత్తా. స్నానానికి పోయినప్పుడల్లా చేత్తో తడుముకుంటా ఉండాను. బయటికొచ్చేటప్పటికి నీళ్ళు చల్లారిపోతాయి."

ఆ మాట నాకు మిరపకాయ ఘాటు కన్నా ఎక్కువ తగిలింది. పైగా గురువుగారు అడిగితే కాదనలేం గదా. సరే, మీ నాన్న సంగతి నేను చూసుకుంటానన్నాను.

చూసుకోవడం అంత సులువు కాలేదు. వాడి దగ్గర కారణాలు కొట్టులో మూటల్లాగా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అది దూది దుమ్ము వల్ల వస్తుంది. కాదు, పీణ్య ఫ్యాక్టరీల గాలి వల్ల. మైక్రోవేవ్‌లో వేడిచేసిన సాంబారు వల్ల. అన్నిటికన్నా పెద్ద కారణం, "మన అమ్మ వైపు నుంచి వచ్చిందిలే, ఆ గుత్తి వాళ్ళదంతా పాడు ఒళ్ళు." గుత్తి మా అమ్మ పుట్టిల్లు. ఆమె ఎనభై దాటేదాకా బతికి, ఆఖరి రోజు కూడా ఉప్పు తక్కువైందని కోడల్ని పిలిచి చెప్పి పోయిన మనిషి. అయినా ఇంట్లో ఏ చెడ్డ వచ్చినా కోడలిగా వచ్చిన ఆడదాని పుట్టింటికి పార్సెలు కట్టి పంపడం మాకు అలవాటు.

ఒకసారి కూతురు బలవంతం మీద ఆస్పత్రి దాకా వెళ్ళాడు. ఆ విభాగంలో గోడలకు గులాబిరంగు, కుర్చీలకు గులాబిరంగు, కూర్చున్న వాళ్ళందరూ ఆడవాళ్ళు. నడుమ మా తమ్ముడు, తెల్ల చొక్కా, తెల్ల పంచె, మీసం, ఒళ్ళో ఫైలు. పక్కన కూర్చున్న పెద్దామె కన్నడంలో, "మీ ఆవిడకా?" అని అడిగిందట. "కాదు, నాకే" అనలేక, "కింద లోడు దిగుతా ఉండాది" అని లేచి వచ్చేశాడు. ఆస్పత్రిలో ఏం లోడు దిగుతుందో ఆమెకు అర్థమై ఉండదు.

అందుకే మేనకోడలు నవమి రోజును ఎంచుకుంది. ఆ రోజు వాడు ఇల్లు కదలడానికి లేదు. రక్తం ఇవ్వబోయే ముందు అన్నీ విడమరిచి చెప్పే ఉద్యోగం ఒకటుందట ఆస్పత్రిలో. ఆ పని చేసే అమ్మాయితో ముందే మాట్లాడుకుని, ఆదివారమైనా సరే అని ఒప్పించింది. మదనపల్లి అమ్మాయి. ఫోనులో కళ్ళజోడు, నవ్వు ముఖం.

"నమస్కారం సార్. భయపడేదేం లేదు, మీ ఇంట్లో పెద్దవాళ్ళ గురించి చెప్తారా?"

ఈ ప్రశ్నకు మా తమ్ముడు ఛాతీ విరుచుకున్నాడు. పొద్దుననే సంకల్పంలో చెప్పుకున్నవి నోటి చివరనే ఉన్నాయి. నాయన పేరు, తాత పేరు, ముత్తాత పేరు, గోత్రం, అనంతపురం వైపు నుంచి దూది బండ్లు తోలుకుని వచ్చి ఈ వీధిలో దిగిన సంగతి, అన్నీ నిలబడే గడగడా అప్పజెప్పాడు. ఆ అమ్మాయి రాసుకుంటూ పోయింది.

"బాగుంది సార్. ఆడవాళ్ళు?"

"ఆడోళ్ళంటే?"

"మీ నాయనమ్మ, మేనత్తలు, అక్కచెల్లెళ్ళు. వాళ్ళకేమన్నా జబ్బులు?"

"జబ్బేమీ లేదమ్మా. మా ఇంటి ఆడోళ్ళు అదృష్టవంతులు. కుంకుమతో పోతారు."

"అంటే?"

"మొగుడు ఉండంగానే."

"ఎంత వయసులో సార్?"

మా తమ్ముడు నా వైపు తిరిగాడు. మూడు తరాల మగవాళ్ళను గోత్రంతో సహా చెప్పినవాడు అవ్వ ఎప్పుడు పోయిందో చెప్పలేకపోయాడు. తప్పు వాడిది కాదు. సంకల్పంలో మంత్రం ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగడమే వాడికి నేర్పారు.

నేను మేనకోడలితో, "ఆ ఫోను ఇట్లా తిప్పు" అన్నాను. గోడ వారన మూడు పీటలు, మూడు రవికె గుడ్డలు. ఒక్కొక్కటీ చూపించి చెప్పాను. పచ్చది మా అవ్వది. ఆమె పోయేటప్పటికి మా నాయనకు మీసం కూడా రాలేదు. ఆమె ఎప్పుడూ పైట ఎడమవైపు దళసరిగా కప్పుకునేదని, లోపల వేపాకు కట్టుకునేదని నాయన చెప్పేవాడు. ఎర్రది మా మేనత్తది. చంటిబిడ్డకు పాలిస్తుంటే గడ్డ కట్టింది. పాలగడ్డ అన్నారు, బిడ్డ పాలు మానినా గడ్డ మానలేదు. నీలంది మా పెద్దక్కది. ఆమెకు ఆఖర్న నీళ్ళు పోసింది నేను, అది ఏమిటో నా కళ్ళతో చూశాను.

"క్యాన్సరు" అన్నాను.

మా మరదలు, అంటే తమ్ముడి పెళ్ళాం, చేతిలో పరమాన్నం గిన్నెతో అక్కడే ఆగిపోయింది. "వదినా! పెద్దలు వినే దినం, ఆ మాట అనేదా?"

"వాళ్ళకు కొత్తా? వాళ్ళు పోయిందే దాంతో."

ఫోనులో అమ్మాయి తల వంచుకుని గబగబా ఏదో గీసింది. తరవాత తను గీసిన కాగితం ఎత్తి చూపించింది. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా, జబ్బు చేసిన వాళ్ళకు లోపల నల్లగా నింపడం. అక్షరాలకన్నా నయం, ఒత్తులు లేవు, నేను ఒక్క చూపులో చదివేశాను. పైన నల్లసున్నా అవ్వ. ఆమె కింద నల్లసున్నా మేనత్త, ఖాళీ చదరం మా నాయన. నాయన కింద రెండు నల్లసున్నాలు, పెద్దక్క, చెల్లెలు. ఒక సున్నాలో ప్రశ్నగుర్తు, అది నేను. ఒక చదరంలో ప్రశ్నగుర్తు. దాని కింద ఇంకో సున్నా, ఆ కింద ఇంకో చిన్న సున్నా.

"చూడండి సార్, మీ నాన్నగారికి ఏ జబ్బూ రాలేదు. కానీ ఆయన ద్వారానే పిల్లలకు వచ్చి ఉండాలి."

"మా అమ్మ వైపు నుంచి కాదా?"

"అట్లా కనిపించడం లేదు సార్."

మా తమ్ముడి ముఖం చూడాల్సింది. ఇన్నేళ్ళు గుత్తికి పంపిన పార్సెళ్ళన్నీ ఒక్కసారి తిరిగొచ్చి గుమ్మంలో పడ్డట్టుంది. అయినా వదిలే రకం కాదు. గీతలు వేలితో తడిమి, "అట్లయితే మా అవ్వ తెచ్చింది. ఆమె పుట్టింటి వాళ్ళది. మా వంశానిది కాదు" అన్నాడు.

"పోరా, ఇంకా వెనక్కి పో" అన్నాను. "పోయిపోయి బ్రహ్మదేవుని ముందు నిలబడతావు. ఆయన్ను రక్తం అడుగుతావా?"

"నువ్వు గమ్మునుండక్కా. అమ్మా, నేనొకటి అడుగుతా చెప్పు. నా బిడ్డ పెండ్లయిన దినమే వేరే గోత్రానికి పోయింది. అగ్ని ముందర కూర్చుని చేసిన కన్యాదానం. ఇంక మా ఇంటిది ఆ పిల్లకెట్లా అంటుకుంటాది?"

ఇది వాడు వేళాకోళానికి అన్నది కాదు. మనసారా నమ్మిన మాట. అది వాడొక్కడి నమ్మకం కూడా కాదు. మా వీధిలో సగంమంది అదే అనుకుంటారు, ధార పోసిన నీళ్ళతో రక్తం కూడా కడిగేసినట్టు. ఆ అమ్మాయి మర్యాదస్తురాలు, కళ్ళజోడు సవరించుకుంది. నేను మర్యాదస్తురాలిని కాను.

"ఒరేయ్, గోత్రం మారింది. ముక్కు మారిందా?"

మా ఇంటి ముక్కు గురించి చెప్పాలి. మొదట్లో తిన్నగా బయలుదేరి, చివర్లో ఏదో మర్చిపోయి వెనక్కి చూసినట్టు వంగుతుంది. మేనత్త ఫోటోలో అదే ముక్కు. చెల్లెలికి అదే. తమ్ముడికి అదే, వాడి కూతురికి అదే, ఆమె కూతురికి కూడా ఇప్పుడిప్పుడే వంపు తిరుగుతోంది. గదిలో ఉన్నవాళ్ళందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా మరదలు, నలభై ఏళ్ళుగా ఆ ముక్కులకు ఎదురుగా కూర్చుని కాఫీ తాగిన మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఫోనులో అమ్మాయి కూడా నవ్వింది.

మా తమ్ముడు నవ్వలేదు. "ఇవన్నీ తర్వాత చూద్దాం. విస్తరి ముందు మనిషిని కూర్చోబెట్టుకుని ఏంది ఈ మాటలు" అన్నాడు.

విస్తరి ముందు కూర్చున్నది మా చెల్లెలు. ఆ ఏడాది ముత్తైదువగా ఎవరిని పిలవాలని మా మరదలు నసిగితే, చెల్లెలే, "నన్ను పిలవండి. నాలుగో గుడ్డ కొనే పని తప్పించినాను గదా, ఆ మాత్రం భోజనం పెట్టరా?" అని తనే వచ్చి కూర్చుంది. రింగుల జుట్టు, అందులో కనకాంబరాలు. అంతసేపూ చేతులు ఒళ్ళో పెట్టుకుని వింటోంది. మరదలు అప్పటికే గారెలు, పరమాన్నం, పప్పు, చిత్రాన్నం వడ్డించింది. చెల్లెలు విస్తరిని ముందుకు తోసింది.

"అన్నా, నేను తినను."

"ఏంది?"

"నువ్వు రక్తం ఇస్తానంటేనే తింటా. లేకుంటే ఇట్లాగే లేస్తా."

ఆ రోజు అలా లేవడమంటే ఏమిటో మా వాళ్ళకు తెలుసు. ముత్తైదువ ఆకలితో లేస్తే పీటల మీది వాళ్ళు ఆకలితో లేచినట్టే. మళ్ళీ నవమి దాకా పస్తు. మా నాయన ఎందుకోసం ఈ పద్ధతి పెట్టాడో, సరిగ్గా దాని మీదే చెయ్యి వేసింది.

"ఏమే, పెద్దల భోజనంతో ఆటలా నీకు?"

"ఆటలు కాదన్నా. అవ్వ, మేనత్త, పెద్దక్క ముగ్గురూ కూర్చోనుండారు. గారెలు ఆరిపోతా ఉండాయి. నీ ఇష్టం." అని ఒక కాలు మీదికి ఎత్తి, లేవబోయినట్టు పీట మీద చెయ్యి ఆనించింది.

మా తమ్ముడు అప్పుడు కూర్చున్నాడు. పీట మీద కాదు, కుర్చీ మీద కాదు, ఉత్త నేలమీద, కూతురి కాళ్ళ దగ్గర. పంచె అంచు వేళ్ళతో మడుస్తూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ మెల్లగా అన్నాడు:

"ఉండాదంటే? ఉండాదంటే నేనిచ్చినట్టే గదా. ఇల్లు ఇచ్చినాను, చదువిచ్చినాను అని చెప్పుకుంటాడు తండ్రి. ఇది ఇచ్చినానని యాడ చెప్పుకునేది?"

నేను అనబోయిన వెటకారం మింగేశాను. అది ఎంత అరుదో మా వాళ్ళనడగండి. వాడు సూదికి భయపడుతున్నాడని, గులాబిరంగు కుర్చీలకు సిగ్గుపడుతున్నాడని నేను అంతకాలం ఏడిపిస్తూ వచ్చాను. వాడు భయపడింది వీటికి కాదు.

మేనకోడలు కిందకు వంగి వాళ్ళ నాన్న ముక్కు పట్టుకుని చిన్నపిల్లాణ్ణి ఊపినట్టు ఊపింది. "నాన్నా, ఈ ముక్కు ఇచ్చినావు. ముక్కుపుడక నిలవదు, కళ్ళజోడు జారుతాది, ఫోటో తీస్తే నా ముక్కే ముందు పడతాది. నేనెప్పుడన్నా నిన్ను అడిగినానా ఎందుకిచ్చినావని? ఇదీ అంతే. నువ్వేమన్నా తెలిసి ఇచ్చినావా? తెలుసుకుంటే నేను జాగ్రత్తగా ఉంటా. అంతే నాన్నా నేనడిగేది."

వాడు ముక్కు తుడుచుకున్నాడు. మెల్లగా, "ఈ దినం రక్తం తీయకూడదు. తద్దినం" అన్నాడు.

"రేపు దశమి" అన్నాను. "దివ్యంగా ఉంది."

"రేపు లోడు..."

చెల్లెలు మళ్ళీ పీట మీద చెయ్యి ఆనించింది.

"సరే, రేపే. తినమ్మా తల్లీ, తిను" అన్నాడు. చెల్లెలు గారె విరిచి పరమాన్నంలో ముంచింది. ఫోనులో అమ్మాయి ఉందన్న సంగతి అందరం మర్చిపోయాం. ఆమె మెల్లగా దగ్గి, "అయితే రేపు తొమ్మిదింటికి రాసుకుంటాను సార్" అంది.

మరునాడు మేమిద్దరం వెళ్ళాం. గులాబిరంగు కుర్చీల్లో పక్కపక్కన కూర్చున్నాం. సూది గుచ్చేటప్పుడు వాడు గోడవైపు తిరిగి, ఆ నర్సమ్మది ఏ ఊరు, ఇంటి అద్దె ఎంత, ఓనరు నీళ్ళు సరిగ్గా వదులుతున్నాడా అని అడుగుతూనే ఉన్నాడు. నాది నేను చూశాను. నల్లగా, మామూలు రక్తం. అందులో ఎవరెవరు కూర్చుని ఉన్నారో చూస్తే తెలియదు.

కొన్ని వారాలకు ఫలితం వచ్చింది. నాకు లేదు. వాడికి ఉంది.

నాకు లేదన్నందుకు సంతోషపడాలి. పడలేదు. పంక్తిలో అందరికీ వడ్డిస్తూ వచ్చి నా విస్తరి దగ్గర దాటిపోయినట్టు అనిపించింది. మా తమ్ముడు ఏడుస్తాడనుకున్నాను. క్యాంటీనులో కాఫీ తెప్పించుకుని, బాగాలేదని మూడు ముక్కల్లో తిట్టి, కూతురికి తనే ఫోన్ చేశాడు. "అమ్మా, ఉండాది. నువ్వెప్పుడు వస్తావో చెప్పు, నేనూ వస్తా" అన్నాడు. వాడు ఇంత పొట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

మేనకోడలూ రక్తం ఇచ్చింది. తనకూ ఉంది.

ఇక వాళ్ళ అత్తమ్మకు చెప్పక తప్పలేదు. మేనకోడలు చెప్పినప్పుడు మా తమ్ముడు కూడా పక్కనే ఉన్నాడు, పిల్లను ఏమన్నా అంటారేమోనని ముఖం సిద్ధం చేసుకుని మరీ వెళ్ళాడు. ఆమె అంతా విని, "మా వైపు నుంచి షుగరు వచ్చింది, మీ వైపు నుంచి ఇది. పెండ్లిలో ఇచ్చిపుచ్చుకోవడమంటే ఇదే గదా అన్నయ్యగారూ" అని ఉప్మా తెచ్చి పెట్టిందట. సిద్ధం చేసుకున్న ముఖం ఏం చేయాలో తెలియక మా తమ్ముడు రెండోసారి ఉప్మా పెట్టించుకున్నాడు. ఆమెకు లోపల భయం లేదని నేను చెప్పను. ఆ రాత్రి కోడలి గది బయట నిలబడి, లైటు ఆరిపోయాక గానీ పడుకోలేదని మేనకోడలే చెప్పింది.

ఇప్పుడు ఆ పిల్ల ఆరునెలలకోసారి స్కానింగుకు పోతుంది. ఆపరేషను ముందే చేయించుకునే దారి కూడా ఒకటుందని చెప్పారు. దాని సంగతి తను, మొగుడు ఆలోచించుకుంటున్నారు. నేను సలహా చెప్పలేదు. నేను సలహా చెప్పని విషయం ఈ ప్రపంచంలో ఇదొక్కటే. స్నానానికి పోయి నీళ్ళు చల్లారేదాకా ఉండిపోవడం మాత్రం తగ్గిందట. మగవాళ్ళకు కూడా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయని మా తమ్ముణ్ణి కూడా పరీక్షలకు రమ్మన్నారు. వస్తాడు. కూతురితో కలిసి గులాబిరంగు కుర్చీల్లో కూర్చుంటాడు. గోడకు ఆనుకుని నిలబడే మొగుళ్ళనూ తండ్రులనూ పిలిచి, "కూర్చోప్పా, ఏమీ కాదు, నాదీ ఇదే" అంటాడు. ఎవరూ అడక్కపోయినా అంటాడు. ఆ ఆస్పత్రి వాళ్ళు వాణ్ణి భరిస్తున్నారంటే మంచివాళ్ళే.

ఇంకొకటి. ఫలితం వచ్చిన మరునాడు మా అమ్మ ఫోటోకు మూరెడు మల్లెదండ వేలాడుతోంది. పండగా కాదు, తద్దినమూ కాదు. "ఎందుకురా?" అని అడిగితే, "ఊరికే" అన్నాడు. గుత్తి వైపు వాళ్ళకు ఎవరైనా ఈ సంగతి చేరవేస్తే బాగుండును.

ఈ ఏడాది నవమికి కూడా పీటలు మూడే. గుడ్డలు పెట్టేటప్పుడు నేను ఎవరు ఎవరో చెప్పి, దేంతో పోయారో కూడా చెప్పాను, పూర్తి పేరుతో. మా మరదలు ఆ మాట ఎందుకని అనలేదు. చెల్లెలు తిని, ఇంకో గారె అడిగింది.

పోయినేడాది ఆ రోజు, ఆ గదిలో ఉన్నవాళ్ళం: నేను. నేలమీద మా తమ్ముడు. గిన్నె పట్టుకుని మా మరదలు. మా మేనకోడలు. ఆమె కొంగు పట్టుకుని నిద్రలోకి జారుతున్న చిన్నపిల్ల, వంపు తిరుగుతున్న ముక్కుతో. విస్తరి ముందు మా చెల్లెలు. పప్పుడబ్బాకు ఆనుకుని మదనపల్లి అమ్మాయి. చెప్పులు వేసుకున్నవాడు కూడా ఏం తేలుతుందో చూసే పోదామని గుమ్మంలోనే నిలబడిపోయిన పురోహితుడు. గోడ వారన పచ్చగుడ్డ మీద మా అవ్వ, ఎర్రగుడ్డ మీద మా మేనత్త, నీలంగుడ్డ మీద మా పెద్దక్క.